వదిలేసిన కోడి, కుంటే బాతు ఇంటికొస్తే: తెచ్చిన రోజు నుంచి మందలో కలిపేదాకా

నెల్లూరు చుట్టుపక్కల కోతలయ్యాక వరి మళ్లలో బాతుల మందలు దిగుతాయి. రాలిన వడ్లు, నత్తలు ఏరుకుని తిని మంద ముందుకు పోతుంది. కుంటే బాతు గట్టు మీద మిగిలిపోతుంది. టంగుటూరు, సింగరాయకొండ, కావలి మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద బ్రాయిలర్ల లారీలోంచి జారిపడిన కోడి, సైకిలు మీద అమ్మకానికొచ్చి పిల్లలు రెండ్రోజులు ఆడుకుని వదిలేసిన రంగు కోడిపిల్ల, సంక్రాంతి పందెంలో తొడ తెగి చెట్టుకింద పడున్న పుంజు, గుడ్లు మానేసిందని గంప కిందే మరిచిపోయిన పెట్ట. మన నెల్లూరు, ప్రకాశం వైపు ఇళ్లకు చేరేవి ఎక్కువగా ఇవే.

వీటన్నిటి విషయంలోనూ ఒకటి గుర్తుంచుకోవాలి. పక్షి తన జబ్బును దాచుకుంటుంది. నిలబడి నూకలు పొడుస్తోంది కదా, బాగానే ఉందనుకుంటాం. మర్నాటికి చచ్చిపడుంటుంది. అందుకే కంటితో చూసి సరిపెట్టుకోకుండా చేత్తో తడిమి చూడాలి. మొదటి రెండు రోజులు వీలైనంత తక్కువ చేయాలి. జాలి ఎక్కువై గుప్పెళ్లకొద్దీ మేత పోసి, స్నానం చేయించి, మందుల షాపులో చేతికొచ్చిన యాంటీబయాటిక్ గొంతులో పోశామంటే వదిలేసినవాళ్ల కంటే మనమే దాన్ని ముందు చంపుతాం.

తెచ్చే ముందు

పల్లెలో వీధిలో తిరిగే కోడికి యజమాని లేకుండా ఉండడం అరుదు. దిక్కులేనిది అనుకున్నది పక్కింటిదే అయ్యుంటుంది. అడిగి తీసుకోండి. "పెద్దమ్మా, ఆ పెట్ట కాలీడుస్తా ఉండాది, నేను తీసకపొయ్యి డాక్టరుకు చూపిస్తా, ఇస్తావా?" అంటే చాలామంది ఇచ్చేస్తారు. "మీరు సరిగా చూసుకోవడం లేదు" అని మొదలుపెడితే ఎవరూ ఇవ్వరు. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లోనే వచ్చింది. తిండీ నీళ్లూ పెట్టకపోవడం, నొప్పి కలిగేలా మోసుకుపోవడం దాని ప్రకారం నేరాలే. కానీ మొదటి నేరానికి జరిమానా 50 రూపాయలు మించదు. కాబట్టి చట్టం పేరు చెప్పి బెదిరించడం కంటే మెత్తగా మాట్లాడడమే పనిచేస్తుంది. పందెం బరిలో దొరికిన పుంజుల సంగతి వేరు. అవి పోలీసు కేసులో ఆస్తి అవుతాయి, సొంతంగా ఎత్తుకురాకండి.

మాంసం కొట్టు బోనులోంచి కోడిని డబ్బిచ్చి కొని కాపాడడం నాకు నచ్చదు. మీరిచ్చిన డబ్బుతో అతను సాయంత్రానికి ఇంకోటి తెచ్చి పెడతాడు.

కొన్నిచోట్ల అసలు చెయ్యే పెట్టకూడదు. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఒకేచోట కోళ్లో బాతులో ఉన్నట్టుండి వరసగా చస్తుంటే, తల వాచి తురాయి నీలంగా మారితే, వాటిని ముట్టుకోవద్దు, ఇంటికి తేవద్దు. దగ్గరి పశువైద్యశాలకు చెప్పండి. పశువుల అంబులెన్సు టోల్‌ఫ్రీ నంబరు 1962.

పట్టుకోవడం, మోసుకురావడం

కోళ్లను తరమకండి. చీకటి పడ్డాక గూట్లో మాగన్నుగా ఉన్నప్పుడు రెండు చేతులతో రెక్కలు దగ్గరికి అదిమి ఎత్తితే గోల చేయవు. పగలే పట్టాల్సి వస్తే మూలకు తోలి, పైన పాత తువ్వాలు కప్పి ఎత్తండి. కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడేయడం మనకు అలవాటైపోయింది గానీ, పక్షికి మనలాగా ఊపిరి అందించే విభాజక పటలం ఉండదు. రొమ్ము కదిలితేనే దానికి గాలి. తలకిందులుగా ఉంటే పేగుల బరువంతా ఊపిరి మీద పడుతుంది. రొమ్మును గట్టిగా నొక్కి పట్టుకున్నా అంతే. బాతును కాలు పట్టి ఎత్తితే తుంటి కీలు ఊడొచ్చు. ఒంటిని చంక కింద పెట్టుకుని, అడుగున అరచెయ్యి ఆనించండి.

మోయడానికి గాలి ఆడేలా బెజ్జాలు పెట్టిన అట్టపెట్టె చాలు. అడుగున గోనెపట్టా పరవండి. న్యూస్‌పేపరు మీద జారి, నీరసంగా ఉన్నదానికి కాళ్లు పక్కలకు విచ్చుకుపోతాయి.

మొదటి రాత్రి

ఇంట్లో ఇతర కోళ్లుంటే వాటికి దూరంగా, కుక్క అరుపు వినపడని మూల చూడండి. పెట్టెలో సగానికి గుడ్డ కప్పి మసక చేయండి. కోడి ఒంటి వేడి మామూలుగా 41 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. దెబ్బ తిన్నదీ, తడిసిందీ, బక్కచిక్కిందీ ఆ వేడిని నిలుపుకోలేదు. పెట్టెకు ఒక పక్క 60 వాట్ల బల్బు వేలాడదీసి, ఇంకో పక్క చల్లగా వదలండి. ఎటుండాలో అదే చూసుకుంటుంది. వేసవిలో ఈ బల్బు పని లేదు. కోడిపిల్లలకు మాత్రం తప్పదు. మొదటి వారం సుమారు 35 డిగ్రీలు ఉంచి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. పిల్లలన్నీ బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కుతుంటే చలేస్తోందని అర్థం. నోరు తెరిచి దూరంగా పోతుంటే వేడెక్కువైంది.

ఆ రాత్రికి ముఖ్యం నీళ్లు. మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి, లోతు లేని గిన్నెలో పెట్టండి. తాగలేకపోతే ముక్కు పక్కన ఒక్కో చుక్క వేస్తే అదే మింగుతుంది. నోరు తెరిచి సిరంజితో పోస్తే నాలుక వెనకే ఉన్న గాలిగొట్టంలోకి పోతుంది. పక్షులు అలా మునిగినట్టే చస్తాయి.

ఆకలితో ఉన్నదానికి మొదటి పూట మెత్తని నూకజావ నాలుగు చెంచాలు చాలు. రెండు గంటలాగి ఇంకొంచెం. పూర్తి మేతకు రెండు మూడు రోజులు పట్టనివ్వండి.

మర్నాడు పొద్దున్న తడిమి చూడడం

వెలుతురులో ఒళ్లో పెట్టుకుని, తల మీద పల్చటి గుడ్డ వేయండి. కుదురుగా ఉంటుంది. రొమ్ము మధ్య ఎముకను వేళ్లతో తడమండి. రెండు పక్కలా కండ గుండ్రంగా తగిలితే పర్వాలేదు. కత్తి అంచులా తగిలితే చాలాకాలంగా పస్తులున్నట్టు. వంటింటి త్రాసు మీద తూకం వేసి రాసుకోండి. కోలుకుంటోందా లేదా అన్నది రెండ్రోజులకోసారి చూసే ఆ అంకెను బట్టే తెలుస్తుంది, మన నమ్మకాన్ని బట్టి కాదు.

మెడ మొదట్లో ఉండే మేత సంచి పొద్దున్నే ఖాళీగా ఉండాలి. రాత్రి తిన్నది ఇంకా ముద్దగానో, నీళ్ల తిత్తిలాగో ఉండి, నోరు పుల్లగా వాసనొస్తే అరుగుదల ఆగినట్టు. మేత ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి. తలకిందులు చేసి కక్కించమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, వినకండి.

తర్వాత తోక కింద ఈకలు విడదీసి చూడండి. పేలు పరిగెడతాయి, అది సరే. అసలు చూడాల్సింది ఈక మొదట్లో. తెల్లగా, రవ్వ అంటుకున్నట్టు గడ్డకట్టిన గుడ్లు కనిపిస్తాయి. అవి ఎంత ఎక్కువ ఈకలకుంటే ఆ కోడిని అంత ఎక్కువ కాలంగా ఎవరూ పట్టి చూడలేదన్నమాట. రెట్ట అంటుకున్నచోట ఈగలు గుడ్లు పెడతాయి, ఎండాకాలంలో ఒక్క రోజులో పురుగులు పడతాయి. అలా ఉంటే గోరువెచ్చని ఉప్పునీళ్లతో కడిగి, చిన్న పట్టుకారుతో ఒక్కోటీ తీసేయాల్సిందే.

కళ్లు, ముక్కు బెజ్జాలు, నోట్లో పసుపు పొక్కులు, కాళ్ల పొలుసులు, అరికాళ్లు చూడండి. రెట్ట ఫోటో తీసిపెట్టుకుంటే డాక్టరుకు సగం పని తగ్గుతుంది. పల్లె పశువైద్యశాలల్లో గేదెలు, గొర్రెలే ఎక్కువ. ఒక్క కోడి కోసం వచ్చారా అని అడిగేవాళ్లూ ఉంటారు. సిగ్గుపడకండి. తూకం, ఏ రోజు నుంచి ఏం తింటోంది, రెట్ట ఎలా ఉంది అనేవి కాగితం మీద రాసుకెళితే ఎవరైనా శ్రద్ధగానే చూస్తారు.

పుండ్లు, పేలు, కాళ్లు

కాచి చల్లార్చిన లీటరు నీళ్లకు ఒకటిన్నర టీస్పూను ఉప్పు కలిపితే పుండు కడగడానికి సరిపోతుంది. తర్వాత పొవిడోన్ అయోడిన్‌ను పల్చటి టీ రంగొచ్చేదాకా నీళ్లలో కలిపి అద్దండి. లోతు గాయంలో పసుపు, బూడిద కుక్కవద్దు. లోపల మురికి ఉండిపోయి పైన మూసుకుపోతుంది. కోడికత్తి గాయం చిన్నగానే కనిపిస్తుంది గానీ కండలోకి చాలా లోతుకు దిగుంటుంది. కుట్లు పడాలో లేదో డాక్టరే చెప్పాలి. మనుషులకు వేసే నొప్పి మాత్రలు ముక్క తుంచి కూడా వేయొద్దు. రక్తం కనిపించే కోడిని ఇంకో కోడి దగ్గర ఉంచితే పొడిచి చంపేస్తుంది.

పేలకు పొలంలో కొట్టగా మిగిలిన పురుగుమందు నీళ్లలో కలిపి కోడిని ముంచడం మనవైపు ఉంది. పేలు పోతాయి, దాంతోపాటు కోడీ పోతుంది. దానికోసమే ఉన్న పెర్మెత్రిన్ పొడిని డాక్టరు చెప్పిన మోతాదులో ఈకల సందుల్లో చల్లి, పది రోజులకు మళ్లీ చల్లండి. మొదటిసారి చల్లిన పొడికి పేలగుడ్లు చావవు. గూడు సందుల్లో గోమార్లు దాక్కుని రాత్రిపూట వచ్చి రక్తం తాగుతాయి. కోడిని బాగుచేసి పాత గూట్లోనే పెడితే మళ్లీ మొదటికొస్తుంది. కాళ్ల పొలుసులు లేచి గరుకైతే అది కంటికి కనపడని పురుగు పని. కిరసనాయిలు రాయకండి, చర్మం కాలుతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లతో మెత్తబరచి, వాజిలిన్ మందంగా పట్టించండి. కొన్ని వారాలు ఓపిక పట్టాలి.

మేత: ఏ పక్షికి ఏది

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. బ్రాయిలర్‌ను ఆరు వారాల్లో రెండు కిలోలు దాటేలా పెంచడానికే తయారుచేశారు. దానికి కడుపు నిండిందన్న సంగతే తెలియదు. ఎప్పుడూ గిన్నె నిండా పెడితే కాళ్లు మొయ్యలేక, గుండె ఆగి చస్తుంది. రెండు పూటలు కొలిచి పెట్టండి. తూకం వేగంగా పెరుగుతుంటే తగ్గించండి. నాలుగు ఆకుకూరలు, తోటకూర కాడలు వేసి, వాటి కోసం నడిచేలా చేయండి. ఎత్తు దండెం మీదికి ఎక్కనీయొద్దు. దూకితే కాలు విరుగుతుంది.

గుడ్ల ఫారం నుంచి వచ్చిన లేయర్‌ది ఇంకో కష్టం. ఏడాదిన్నర బోనులో గుడ్లు పెట్టీ పెట్టీ దాని ఎముకల్లో సున్నం కరిగిపోయుంటుంది. ముక్కు కొస కోసేసి ఉంటుంది. గోళ్లు మెలితిరిగి ఉంటాయి, తురాయి పాలిపోయి పక్కకు వాలుతుంది. రోజుకు 100 నుంచి 110 గ్రాముల లేయర్ మేత, పక్కన విడిగా ఒక చిప్పలో ఆల్చిప్పల పొడి. కొత్తపట్నం తీరంలోనో మైపాడు తీరంలోనో ఏరుకొచ్చిన గుల్లలను కడిగి దంచినా చాలు. ఎంత తినాలో అదే తింటుంది, మేతలో కలపొద్దు. ఇలాంటి కోడిని మొదటిసారి మట్టి మీద దించినప్పుడు చూడాలి. కాలు ఎత్తి పెట్టడానికి భయపడి కొయ్యలా నిలబడుతుంది. తర్వాత ఒక గోరు మట్టిలో దిగుతుంది. ఇంకో కాలు గీరుతుంది. ఎప్పుడో ఒకప్పుడు ఉన్నట్టుండి పక్కకు ఒరిగి, ఒక రెక్క చాచి, దుమ్మంతా వీపు మీదికి ఎగదోసుకుంటుంది. ఎవరూ నేర్పకుండానే. చూస్తున్న మనకు భయమేస్తుంది, ఫిట్స్ వచ్చాయేమోనని. మట్టి స్నానం అది, కదిలించకండి.

ఎదిగే పిల్లలకు లేయర్ మేత పెట్టకూడదు. అందులోని కాల్షియం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. నాటుకోడికి నూకలు, సజ్జలు, జొన్నలు, కాస్త తవుడు, ఇంటి ఆకుకూరలు కలిపి పెట్టొచ్చు గానీ, కోలుకునేదాకా కంపెనీ మేతే సగం ఉండనివ్వండి. కందనకాయలో మేత నలగాలంటే చిన్న ఇసుకరాళ్లు కూడా అందుబాటులో ఉండాలి. ఎండు చేపలు వేస్తే ఉప్పు పట్టించనివే వేయండి.

బాతుల విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బూజు పట్టిన మేత కోడిని జబ్బుపరిస్తే బాతును చంపేస్తుంది. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కోడిపిల్లల కంటే బాతు పిల్లలను చాలా ఎక్కువగా దెబ్బతీస్తుంది. మనవైపు వేరుశనగ చెక్క చవక, మొక్కజొన్న చవక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల తేమలో మూటల్లోనే బూజు పడుతుంది. పైకి బాగున్నట్టే కనిపించినా, ముద్ద కట్టి ఉంటే, మగ్గిన వాసనొస్తే పారేయండి, పశువులకు కూడా పెట్టొద్దు. బాతు పిల్లలకు నియాసిన్ అనే బి విటమిన్ కోడిపిల్లల కంటే ఎక్కువ కావాలి. తగ్గితే కాళ్లు వంకర పోతాయి. బ్రూవర్స్ ఈస్ట్ మేతలో కలపడమో, డాక్టరు చెప్పిన బీ కాంప్లెక్స్ చుక్కలు నీళ్లలో వేయడమో చేయాలి. బ్రెడ్డు ముక్కలు వద్దు.

బాతుకు నీళ్లు ఎన్ని

చెరువు అక్కర్లేదు. తల మొత్తం ముంచి ముక్కూ కళ్లూ కడుక్కునేంత లోతున్న బక్కెట్టు తప్పనిసరి. లేకపోతే కళ్లకు పుసులు కట్టి, ముక్కు బెజ్జాలు మూసుకుపోతాయి. మార్కాపురం, కనిగిరి వైపు నీళ్లకు కటకట ఉన్నచోట కూడా రోజుకో రెండు బక్కెట్లతో బాతును బాగానే చూసుకోవచ్చు. మేత పక్కన నీళ్లు లేకుండా పొడి మేత పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడుతుంది.

చాలాకాలం నీళ్లు చూడని బాతును తెచ్చిన రోజే తొట్టిలో దించకండి. ఈకలకు నూనె పట్టక తడిసి, చలికి వణికి, మునిగిపోతుంది కూడా. పగటిపూట అయిదు నిమిషాలు మీ కళ్లెదుటే దించి, బయటికి తీసి ఎండలో ఆరనివ్వండి. తోక మొదట్లోని గ్రంథి నుంచి ముక్కుతో నూనె తీసి ఒళ్లంతా పులుముకోవడం మొదలయ్యాక సమయం పెంచండి. తొట్టిలోంచి ఎక్కిరావడానికి ఇటుకలు మెట్లుగా పేర్చండి. చీమకుర్తి పక్క ఊళ్లలో గ్రానైటు ముక్కలు ఊరికే దొరుకుతాయని బాతుల దొడ్డికి గచ్చు పరుస్తుంటారు. నున్నటి రాయి తడిస్తే జారుతుంది, మిట్టమధ్యాహ్నం కాలుతుంది. గరుకు సిమెంటు అరికాళ్లకు పుండ్లు చేస్తుంది. ఇసుక నేలే మేలు.

ఎండాకాలంలో ఎండిపోతున్న కుంటలో, చచ్చిన చేపలున్న మురుగులో మేసిన బాతు మెడ నిలపలేక వాల్చేస్తే అది విషం పని. వెంటనే నీడకు చేర్చి మంచినీళ్లు అందేలా పెట్టి డాక్టరును పిలవండి. మెడ వాలిన బాతు దగ్గర లోతు నీళ్లుంటే అందులోనే మునిగి చస్తుంది.

ముప్పై రోజులు విడిగా

కొత్త పక్షి ఎంత ఆరోగ్యంగా కనిపించినా నెలరోజులు పాతవాటితో కలపకూడదు. విడి గిన్నెలు, విడి చెప్పులు. పాతవాటి పని ముందు చేసుకుని కొత్తదాని దగ్గరికి చివర వెళ్లండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ఇంట్లో పిల్లల్ని ముద్దులు పెట్టనివ్వొద్దు, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా కడుపును పట్టేస్తుంది.

ఆకుపచ్చని రెట్ట, గురక, మెడ మెలితిరగడం కొక్కెర తెగులు గుర్తులు. దానికి మందు లేదు, టీకానే దారి. కోడిపిల్లలకు మొదటి వారంలో కంట్లో చుక్క, నాలుగు వారాలకు మళ్లీ చుక్క, ఎనిమిది వారాలకు ఇంజెక్షన్ అని మామూలు వరస. టీకా నీరసంగా ఉన్నదానికి వేయరు, కోలుకున్నాకే. సీసాను ఐసు ముక్కలున్న ఫ్లాస్కులో తేవాలి. జేబులో పెట్టుకొచ్చిన టీకా వేసినా వేయకపోయినా ఒకటే. రెట్టలో రక్తం, ముడుచుకుని కూర్చోవడం తడి నేల మీద పెరిగే పిల్లల్లో ఎక్కువ. దానికి నీళ్లలో కలిపే మందుంది గానీ ఊక మార్చకుండా మందొక్కటే పోస్తే లాభం లేదు. బాతులకు ప్లేగు టీకా వేరే ఉంటుంది, అడిగి వేయించండి. పురుగుల మందు తూకాన్ని బట్టి డాక్టరే చెప్పాలి. మందు వాడుతున్నన్నాళ్లూ, ఆపాక ఆయన చెప్పినన్ని రోజులూ గుడ్లు తినొద్దు.

గూడు, ఎండ, వాన

కోడికి లోపల కనీసం మూడు చదరపు అడుగులు, బాతుకు అయిదు. వరి ఊక మూడు నాలుగు అంగుళాల మందాన వేసి, తడిసిన చోటు రోజూ తీసేయండి. మోకాళ్ల మీద కూర్చుని మీ ముక్కు వాటి ఎత్తుకు దించి పీల్చి చూడండి. కళ్లు మండితే గాలి చాలడం లేదు. కోళ్లకు దండెం కావాలి, బాతులు నేలమీదే పడుకుంటాయి. సన్నటి కోళ్ల జాలీని కుక్క పళ్లతో చింపేస్తుంది. అర అంగుళం కళ్ల వెల్డెడ్ మెష్ వేసి, అడుగు లోతు భూమిలోకి దించితే ముంగిస, పందికొక్కు తవ్వలేవు.

రోహిణి కార్తెలో కోళ్లు నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకుంటే ఆలస్యం చేయొద్దు. తాటాకు పందిరి, పక్కలకు తడి గోనెపట్టాలు, మట్టి కుండలో నీళ్లు. మేత తెల్లవారుజామునా సాయంత్రం చల్లబడ్డాకా మాత్రమే. సోలిపోయినదాని కాళ్లను మామూలు నీళ్లలో పెట్టండి. ఐసు నీళ్లలో ముంచితే ఆ దెబ్బకే పోతుంది. తుఫాను హెచ్చరిక వస్తే గూడు పైకప్పు కంటే ముందు మేత మూటను ఎత్తు మీద పెట్టండి.

మందలో కలపడం, లేదా ఇచ్చేయడం

నెల గడిచాక జాలీ అడ్డంగా పెట్టి వారం రోజులు ఒకదానికొకటి కనిపించేలా ఉంచండి. తర్వాత సాయంత్రం దండెం మీద కూర్చున్నాక కలపండి. రెండు చోట్ల మేత, రెండు చోట్ల నీళ్లు పెడితే కొత్తది పస్తుండదు. కాస్త పొడుచుకోవడం మామూలే, రక్తం వస్తే విడదీయండి. మగబాతును కోడిపెట్టలతో వదలకండి, వాటి మీదెక్కి గాయపరుస్తుంది. నాలుగైదు ఆడబాతులకు ఒక మగది చాలు.

ఉంచుకోలేకపోతే చెరువులో మాత్రం వదలొద్దు. పెంపుడు బాతుల్లో చాలావాటికి ఎగరడం రాదు, రాత్రికే కుక్కలు లాక్కెళతాయి. దాని రోగం సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులోలాగా వలస పక్షులు దిగే చెరువులకూ పాకుతుంది. తీసుకునేవాళ్ల దొడ్డి ముందు చూసి, కోసుకోవడానికా పెంచుకోవడానికా అని మొహమాటం లేకుండా అడగండి. తూకం, టీకా వేసిన తేదీలు, వాడిన మందులు, ఏ కాలికి దెబ్బ తగిలిందో రాసిన కాగితం పక్షితోపాటు ఇచ్చి పంపండి. రెండు పూటలకు సరిపడా పాత మేత కూడా కట్టివ్వండి. చోటూ మేతా ఒకేరోజు మారితే కొన్ని తినడం మానేస్తాయి.